ఒళ్ళు పట్టే విద్య: బాంకాక్ నుంచి ఒక ఉత్తరం

బాంకాక్

బావా,

నీ ఉత్తరం చేరింది. అందరూ బాగున్నారని రాశావు గానీ చెల్లాయి మోకాళ్ళ నొప్పి సంగతి దాటేశావు. అది ఈసారి విడిగా రాయి. ఇక నువ్వు అడిగింది ఫోనులో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కనక నేనూ కాగితమే పట్టాను.

మీ అంధుల హాస్టల్లో ఇంటర్ అయిపోయి, ఇంటికి వెళ్ళలేక, ఉద్యోగం రాక కూర్చున్న పిల్లలకు థాయి మర్దన నేర్పిస్తే బతుకుదెరువు అవుతుందా, అక్కడ చూపులేనివాళ్ళు ఆ పనితో సంసారాలు నడుపుతున్నారట నిజమేనా, అని కదా ప్రశ్న. నిజమే. ఈ ఊళ్ళో చాలా వీధుల్లో అలాంటి దుకాణాలున్నాయి. ఉత్తరాన చియాంగ్ మాయిలోనూ ఉన్నాయి. అయితే అవి నడుస్తున్నది నువ్వనుకుంటున్న కారణం వల్ల కాదు.

"దేవుడు కళ్ళు తీసుకుని వేళ్ళకు చూపిచ్చాడు" అని రాశావు. దాతల సభలో ఆ మాటకు చప్పట్లు పడతాయి. నేర్పే చోట మాత్రం అది చెరుపు చేస్తుంది. చూపు పోయినంత మాత్రాన వేలికి కొత్త నరాలు మొలవవు. బ్రెయిలీ చదివేవాళ్ళ చూపుడువేలు సన్నటి తేడాలను పసిగడుతుందంటే, ఏళ్ళ తరబడి రోజూ చదవడం వల్ల పసిగడుతుంది. బ్రెయిలీ ముట్టని పిల్లవాడి వేలికీ నీ వేలికీ పెద్ద తేడా ఉండదు. పుట్టుకతోనే వచ్చేసిన విద్య అనుకున్నామనుకో, శిక్షణ నాలుగు వారాల్లో ముగించేస్తాం. రాని పిల్లను, నీకు రావలసిందే కదా రాలేదేం అన్నట్టు చూస్తాం. నేర్పితే వస్తుంది, నేర్పకపోతే రాదు. ఆ మాట దగ్గర మొదలుపెడదాం.

ముందు ఆ విద్య ఏమిటో చెప్పాలి. మన దగ్గర మర్దన అంటే నూనె, బల్ల, తువ్వాలు గుర్తొస్తాయి. ఇక్కడి సంప్రదాయ మర్దనలో నూనె లేదు. వదులుగా ఉండే నూలు చొక్కా, పైజమా తొడుక్కుని నేల మీద పరుపు మీద పడుకుంటావు. చేసేవాళ్ళు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బొటనవేళ్ళతో, అరచేత్తో వరసగా ఒత్తుకుంటూ వెళ్తారు. రెండు బాణీలున్నాయి. ఒకటి రాజాస్థానం బాణీ. రాజుగారి ఒంటి మీద మోచెయ్యో పాదమో ఆనించడం మర్యాద కాదు గనక అందులో చేతులే వాడతారు, దూరంగా కూర్చుని మోచేతులు నిటారుగా పెట్టి ఒత్తుతారు. రెండోది ఊళ్ళవాళ్ళ బాణీ. అందులో మోచేతులు, మోకాళ్ళు, పాదాలు అన్నీ వాడతారు, మనిషిని అటూ ఇటూ వంచి సాగదీస్తారు కూడా. మొదటిసారి చేయించుకున్నప్పుడు నేను విరిగిపోతాననే అనుకున్నాను.

దీనికి మూలపురుషుడిగా వీళ్ళు కొలిచేది ఎవరినో తెలుసా? మన జీవకుణ్ణి. తక్షశిలలో చదివి, రాజగృహంలో బింబిసారుడి కొలువులో ఉండి, బుద్ధుడికి వైద్యం చేసిన జీవకుడే. పని మొదలుపెట్టే ముందు గురువుకు దణ్ణం పెట్టి పాళీ మంత్రంలో ఆయన్ని తలుచుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒంట్లో బొడ్డు దగ్గర పుట్టి పాకే పది ప్రధాన మార్గాలున్నాయని వీళ్ళ శాస్త్రం చెబుతుంది. వాటిలో మొదటి మూడింటి పేర్లు ఇత్థా, పింగ్‌ఖలా, సుమనా. ఇడ, పింగళ, సుషుమ్న అని మీ నాన్నగారు యోగాసనాల పుస్తకం చూసి చెబుతుండేవారే, అవే. కోస్తే కనబడే నరాలు కావవి. కానీ ఏ కండరం తరవాత ఏ కండరం ఒత్తాలో గుర్తుపెట్టుకోవడానికి తరతరాలుగా పనికొచ్చిన దారిపటం అది.

ఆ పటాన్నే మూడో రామా రాజు 19వ శతాబ్దం మొదటి సగంలో ఇక్కడి వాట్ ఫో గుడి బాగుచేయిస్తూ రాళ్ళ మీద చెక్కించాడు. మనిషి బొమ్మ, దాని మీద గీతలు, చుక్కలు, పక్కన వివరం. అచ్చు పుస్తకం ఊళ్ళకు చేరని రోజుల్లో, వైద్యం ఎవరైనా వచ్చి చూసి నేర్చుకోవాలని అలా చేశాడు. ఆ గుడి శాసనాలను యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. 2019 డిసెంబరులో థాయి మర్దననే మానవాళి వారసత్వాల జాబితాలో పెట్టింది. 1955లో ఆ గుడి ఆవరణలోనే పెట్టిన వైద్య పాఠశాలకు ఇప్పుడు దేశదేశాల నుంచీ వచ్చి నేర్చుకుంటారు.

అయితే చూడు, అందరికీ అందాలని చెక్కించిన ఆ పటం కూడా కళ్ళున్నవాళ్ళ కోసమే. చూపులేని పిల్లకు అది గోడ మాత్రమే. ఆమెకు దారి చూపాల్సింది ఇంకొకరి చెయ్యి.

ఇది ఎలా చేస్తారన్నది నాకు బాగా తెలిసింది నా నడుం పుణ్యాన. నేను వెళ్ళే ఆయన యాభై దాటినవాడు, చూపు బొత్తిగా లేదు, చాలా ఏళ్ళు ఇదే పని చేసి ఇప్పుడు కొత్తవాళ్ళకు నేర్పుతున్నాడు. నా థాయి అంతంతమాత్రం. ఆయనది నిదానం. బోర్లా పడుకుని ఒక్కో ప్రశ్నే అడుగుతూ ఆయన దగ్గర రాబట్టినవి ఇవి.

మొదట ఒత్తడం నేర్పరు, కూర్చోవడం నేర్పుతారు. పరుపు నాలుగు అంచులూ పాదంతో వెతుక్కోవాలి. తల ఎటో కాళ్ళెటో అడిగి తెలుసుకోవాలి. మోకాలు పరుపు అంచుకు తగిలేలా దిగాలి. ఒకసారి మనిషి మీద చెయ్యి పడ్డాక పని పూర్తయ్యేదాకా రెండు చేతులూ ఒకేసారి పైకి లేవకూడదు. ఒక చెయ్యి కదిలితే రెండోది అక్కడే కాపలా ఉండాలి. చెయ్యి వదిలితే దారి తప్పుతుంది. పడుకున్నవాడికి కూడా, మళ్ళీ ఎక్కడ పడుతుందో అని ఒళ్ళు బిగుస్తుంది.

తరవాత గురువు ఒత్తుతుంటే శిష్యుడి అరచెయ్యి గురువు చేతి మీద పడుకుంటుంది. కొన్నాళ్ళకు చేతులు తారుమారవుతాయి, శిష్యుడి చేతి మీద గురువు చెయ్యి. ఆ తరవాత గురువే పరుపు మీద పడుకుంటాడు. అసలు చదువు అక్కడ మొదలవుతుంది. "ఇంకా", "చాలు", "వేలి కొసతో కాదు, మెత్తటి భాగంతో", "ఊపిరి వదిలేటప్పుడు ఒత్తు, పీల్చేటప్పుడు కాదు" అని కింద నుంచి చెబుతుంటాడు. బరువు ఎంత పడిందన్నది చూసి చెప్పగలిగేది కాదు, ఒత్తించుకున్న ఒంటికే తెలుస్తుంది. అందుకే చూపులేని గురువు ఈ విద్యలో తక్కువవాడు కాడు. కళ్ళున్న గురువు నోరు తెరిస్తే "ఇలా", "ఇక్కడ", "అదిగో అలా" అంటాడు. ఆ మాటలు చూపులేని పిల్లవాడికి ఎందుకూ కొరగావు. నువ్వు అక్కడ ఎవరినైనా శిక్షకుడిగా పెట్టుకుంటే ముందు ఈ పరీక్ష పెట్టు: "ఇలా" అనే మాట వాడకుండా అరగంట పాఠం చెప్పగలడా?

ఇంకొకటి బొటనవేలు. తెలియనివాళ్ళు వేలి బలంతో ఒత్తుతారు. నాలుగేళ్ళకు కీలు అరిగి వాపెక్కి, అన్నం పెట్టే వేలే మూలపడుతుంది. ఒత్తాల్సింది ఒంటి బరువుతో. మోచెయ్యి వంచకుండా తుంటి దగ్గర ముందుకు ఊగి, నాగలి మేడి మీద రైతు ఒరిగినట్టు ఒరగాలి. వేలు ఆ బరువుకు దారి మాత్రమే. రాజాస్థానం బాణీలో దీనికోసం పాత కసరత్తు ఒకటుంది. బాసింపట్టు వేసుకుని కూర్చుని, రెండు పక్కలా వేళ్ళు నేలకు ఆనించి, అరచెయ్యి తగలకుండా తన ఒళ్ళంతా పైకి లేపాలి. నేను ప్రయత్నించలేదు, నా బొజ్జ సంగతి నీకు తెలుసు.

మీ పిల్లల విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది వేరే ఉంది. కళ్ళున్నవాడు చర్మం చూస్తాడు. దద్దురు, కమిలిన చోటు, ఉబ్బి మెలికలు తిరిగిన సిరలు, ఎర్రగా ఉన్న పుండు చూసి ఆగిపోతాడు. చూపులేనివాళ్ళు అది అడిగి, తడిమి తెలుసుకోవాలి. అందుకని ఒక ప్రశ్నల వరస వాళ్ళ నాలుక మీద ఆడాలి: బీపీ ఉందా, గుండె జబ్బుందా, ఆపరేషన్ అయిందా, ఎముక విరిగిందా, షుగరుతో కాళ్ళు మొద్దుబారాయా, గర్భమా. తరవాత చేత్తో తడిమి చూడాలి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. దాన్ని ఒత్తకూడదు, డాక్టరు దగ్గరికి పంపాలి. గజ్జల దగ్గర ధమనిని కాసేపు అదిమిపట్టి వదిలే పద్ధతి ఒకటి ఇక్కడుంది, గాలి ద్వారం తెరవడం అంటారు. వదలగానే కాలంతా వెచ్చబడి హాయిగా ఉంటుంది. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళకు అది చెయ్యకూడదు. నన్నడిగితే మీ పిల్లలకు అసలు నేర్పొద్దు. చేతికొచ్చిన ఆదాయాన్ని పదిరెట్లు చేసే విద్య కాదది, ఒక్క పొరపాటుకు అందరి పొట్టా కొట్టే విద్య.

ఇక్కడ ఆరోగ్య శాఖ ఒప్పుకునే ప్రాథమిక పాఠ్యక్రమం 150 గంటలు. రోజుకు ఆరు గంటలు కూర్చుంటే నెలలోపే. వైద్యంగా చెయ్యాలంటే 800 గంటల చదువుంది. చూపులేని పిల్లలకు 150 గంటలు బొత్తిగా చాలవని నాకు మర్దన చేసే ఆయన అభిప్రాయం. అస్థిపంజరం బొమ్మను తడిమి ఒక్కో ఎముకా పేరు చెప్పడానికే కొన్ని వారాలు పడుతుందంటాడు. బాంకాక్ పక్కనే నొంతబురిలో పాక్ క్రెట్ అనే చోట అంధుల నైపుణ్య కేంద్రం ఉంది, అక్కడ ఈ మర్దన నేర్పుతారు. ఇక్కడికి రాగలిగితే ముందు అది చూద్దువుగాని.

ఇంతకీ ఈ దేశంలో చూపులేనివాళ్ళకు చదువు మొదలైన కథ కూడా చెప్పాలి. జెనెవీవ్ కాల్‌ఫీల్డ్ అని అమెరికా ఆవిడ, 1888లో వర్జీనియాలో పుట్టింది. పసికందుగా ఉన్నప్పుడే చూపు పోయింది. జపాన్ వెళ్ళి ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ బతికింది. సయాంలో, అంటే ఇప్పటి థాయిలాండ్‌లో, గుడ్డిపిల్లలకు చదువు దండగ అనుకుంటున్నారని విని, 1939లో బాంకాక్‌లో బడి పెట్టింది. థాయి లిపికి బ్రెయిలీ కుదిర్చింది. యుద్ధంలో జపాన్ సైన్యం ఈ ఊళ్ళో ఉన్న రోజుల్లో కూడా కదల్లేదు. 1961లో రామన్ మెగసెసె అవార్డు ఇచ్చారు. 1972లో ఇక్కడే పోయింది. ఆవిడ కథ రాయడానికి కారణం ఉంది. ముందు అక్షరం వచ్చింది, వృత్తి తరవాత. ఆ బడుల దారిలో చదివినవాళ్ళలోంచి న్యాయశాస్త్రం ఆచార్యులు, సెనేటర్లు వచ్చారు. మొంథియన్ బున్‌టన్ అనే ఆయన చూపు లేకుండానే ఇక్కడి సెనేట్‌లో కూర్చుని, ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీలోనూ పనిచేశాడు. మర్దన ఇక్కడ గౌరవంగా నిలబడిందంటే, పక్కన ఇంకో దారి కూడా తెరిచి ఉండటం ఒక కారణమని నా నమ్మకం.

మిగతా దారులు నువ్వూ చూసే ఉంటావు, కిందటిసారి వచ్చినప్పుడు మార్కెట్లో. మెడలో స్పీకరు పెట్టె తగిలించుకుని పాడుతూ డబ్బా చాచేవాళ్ళు, చెక్కపెట్టెలో లాటరీ టికెట్లు పేర్చుకుని తిరిగేవాళ్ళు. నాకు మర్దన చేసే ఆయన కూడా ఒకప్పుడు టికెట్లు అమ్మినవాడే. "అప్పుడు జనం నన్ను చూసి కొనేవాళ్ళు, ఇప్పుడు నడుం నొప్పి చూసుకుని వస్తున్నారు" అన్నాడు. జాలి మీద నడిచే బేరానికీ అవసరం మీద నడిచే బేరానికీ తేడా అది. నొప్పి తగ్గితే మళ్ళీ వస్తారు, తగ్గకపోతే పక్క దుకాణానికి పోతారు. ఆ పోటీ ఆయనకు ఇష్టం.

పోటీ అన్నాను కదా, ఇక్కడే అసలు చిక్కు. ఈ పని చూపులేనివాళ్ళకే అని రాసిపెట్టిన దేశాలున్నాయి. జపాన్‌లో 17వ శతాబ్దంలోనే సుగియామా వాయిచి అనే చూపులేని వైద్యుడు తనలాంటివాళ్ళకు సూదివైద్యం, మర్దన నేర్పే బడులు పెట్టాడు. సూది తిన్నగా దిగడానికి ఆయన వాడుకలోకి తెచ్చిన సన్నటి గొట్టాన్ని ఇవాళ కళ్ళున్న వైద్యులు కూడా వాడతారు. కొరియాలో మర్దన లైసెన్సు చూపులేనివాళ్ళకే ఇచ్చే పద్ధతి జపాన్ ఏలుబడిలో వచ్చింది. 2006లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం, మిగతావాళ్ళ వృత్తి హక్కుకు ఇది అడ్డమని ఆ నిబంధన కొట్టేసింది. చూపులేని మర్దనకారులు సియోల్‌లో వంతెన ఎక్కి హాన్ నదిలోకి దూకారు బావా, నిరసనగా. ఆ ఏడాదే పార్లమెంటు దాన్ని చట్టంగా మార్చి నిలబెట్టింది. మళ్ళీ కేసు పడింది. 2008 అక్టోబరు 30న అదే న్యాయస్థానం ఈసారి సరేనంది. మర్నాడే, అక్టోబరు 31న, తైవాన్ న్యాయమూర్తులు తమ దేశంలో ఇలాంటి చట్టమే రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. ఒకే ప్రశ్నకు ఒక్క రోజు తేడాతో రెండు జవాబులు.

నేను ఏ పక్షం అంటావా? నదిలో దూకినవాళ్ళ పక్షమే. కానీ దూకాల్సినంత గతి ఎందుకొచ్చిందో కూడా చూడాలి. దశాబ్దాలపాటు ఒకే తలుపు తెరిచి, అది మూయబోతే మనిషి ఇంకెటు పోతాడు? నీ ఉత్తరం చదువుతుంటే నాకు ఇదే భయం వేసింది. "మా పిల్లలందరికీ" అని రాశావు. అందరికీ ఎందుకు? లెక్కలు బాగా వచ్చే పిల్ల ఉందన్నావు కదా కిందటేడు, ఆ పిల్లతో నడుములు ఒత్తించడం ఎందుకు? మన సీతారామపురం కుర్రాడు, చూపులేని శ్రీకాంత్ బొల్లా, ఇంటర్‌లో సైన్సు చదవడానికి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. చూపులేనివాడికి ఇది చాలు అని మనం గీసే గీత ఎంత సులువుగా పడుతుందో చూడు.

థాయిలాండ్‌లో అలాంటి గుత్తహక్కు లేదు. కళ్ళున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే వీధిలో దుకాణాలు పెట్టుకుంటారు. విదేశీయులు చెయ్యకూడని పనుల జాబితాలో మాత్రం థాయి మర్దన ఉంది, అది దేశస్తులందరికీ కాపు. దానికి తోడు 2007 నాటి వికలాంగుల చట్టం ఉంది. వందమంది పనివాళ్ళున్న సంస్థ ఒక వికలాంగుణ్ణి పెట్టుకోవాలి, లేదా నిధికి సొమ్ము కట్టాలి, అదీ కాకపోతే వాళ్ళు వ్యాపారం చేసుకోవడానికి జాగా ఇవ్వడంలాంటి సాయం చెయ్యాలి. అందువల్ల కొన్ని కంపెనీలు తమ ఉద్యోగుల మెడనొప్పులకు చూపులేని మర్దనకారుణ్ణి జీతమిచ్చి పెట్టుకుంటున్నాయి. మన 2016 చట్టంలో ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం ఉంది, ప్రైవేటు వాళ్ళకు ప్రోత్సాహకాలనే మాట తప్ప బలవంతం లేదు. ఇక్కడి దుకాణం బోర్డు చూసి ఉత్సాహపడినవాళ్ళకు దాని వెనకున్న ఈ చట్టం కనబడదు.

తడిమి నోటు గుర్తుపట్టే సంగతి కూడా చిన్నది కాదు. థాయి నోట్లన్నిటికీ వెడల్పు ఒకటే, పొడవు మాత్రం ఇరవై నుంచి వెయ్యి దాకా మెట్టుకు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మన వంద, రెండొందలు, ఐదొందల మధ్య నాలుగేసి మిల్లీమీటర్లే. అయితే మన దగ్గర దానికి విరుగుడు ఒకటుంది, అది ఇక్కడికన్నా మెరుగు: టీ కొట్టుమీద కూడా ఉండే సౌండ్ బాక్స్. ఎంత పడిందో పైకి తెలుగులో చెబుతుంది. డబ్బు పడిందని ఇంకొకరు చెప్పనక్కర్లేకపోవడం మీ పిల్లలకు ఎంత పెద్ద విషయమో నీకు నేను చెప్పాలా? అసలు ఈ వృత్తిలో మోసం మర్దన దగ్గర జరగదు, గల్లాపెట్టె దగ్గర జరుగుతుంది. వచ్చిన రుసుమును దుకాణం, పనివాళ్ళు పంచుకోవడం మామూలు. ఎన్ని గంటలు చేశారో, ఎంత రావాలో, సొంతంగా లెక్క రాసుకోవడం రానివాడు జీవితాంతం ఇంకొకరి దయ మీద ఉంటాడు. అందుకే శిక్షణలో నాలుగోవంతు రోజులు లెక్కలకు, ఫోనుకు, బ్యాంకు పనికి పెట్టు.

చెడ్డకాలం గురించి కూడా అనుకోవాలి. 2020 మార్చిలో ఇక్కడ మర్దన దుకాణాలన్నీ మూయించారు. తెరవడం, మళ్ళీ మూయడం మరుసటి ఏడాది దాకా సాగింది. ముట్టుకోకుండా చెయ్యలేని పని కదా. పర్యాటకుల మీద బతికిన వీధులు ఎండిపోయాయి, ఇరుగుపొరుగు నడుంనొప్పుల మీద బతికిన దుకాణాలు తేరుకున్నాయి. మీరు పెట్టబోయేది గోదావరి గట్టు మీద రిసార్టుల కోసం అయితే నేను వద్దంటాను. లారీ డ్రైవర్లు, మిషను కుట్టేవాళ్ళు, రోజంతా నిలబడి పాఠం చెప్పే టీచర్లు, నాట్లేసి వంగిన నడుములు, వీళ్ళు చాలరూ?

మన దగ్గర అడ్డు చట్టం కన్నా నోళ్ళు. ఒళ్ళు పట్టే పని మన ఊళ్ళల్లో నాయీ బ్రాహ్మణులది. పసిబిడ్డను కాళ్ళ మీద వేసుకుని నలుగు పెట్టి నీళ్ళు పోసేది మంత్రసాని. వాళ్ళ చెయ్యి లేనిదే పండగ తలంటు జరగలేదు, పురుడు గడవలేదు. వాళ్ళను మాత్రం గడప బయటే నిలబెట్టాం. ఇప్పుడు మీ పిల్లల తల్లిదండ్రులు, ఇంటర్ చదివించింది పరాయివాళ్ళ కాళ్ళు పట్టడానికా అంటారు, రాసిపెట్టుకో. దానికి జవాబు ఉపన్యాసం కాదు, మొదటి నెల జీతం. ఇక రెండోది ఇంకా కష్టం. మసాజ్ సెంటర్ అనగానే మన పేపర్లలో వచ్చే పోలీసు దాడుల వార్తలే అందరికీ గుర్తొస్తాయి. ఆడపిల్లల్ని పెడుతున్నావు కనక దీన్ని మొహమాటపడకుండా ఆలోచించాలి. ఇక్కడి మంచి దుకాణాల పద్ధతి నాకు నచ్చింది. తలుపులున్న గదులుండవు, ఒకే హాలులో వరసగా పరుపులు, మధ్య తెరలు. చేయించుకునేవాళ్ళు ఒంటినిండా బట్టలతో ఉంటారు. హద్దు మీరిన మాట వస్తే పని ఆపి లేచిపోయే హక్కు పనివాళ్ళదే, డబ్బు వెనక్కి ఇవ్వక్కర్లేదు. ఆడవాళ్ళకు ఆడవాళ్ళే చెయ్యాలన్న నియమం మీరు పెట్టుకోండి. బోర్డు మీద "థాయి", "స్పా" అనే మాటలు వద్దు. ఫిజియోథెరపీ డాక్టరు ఎవరైనా ఒప్పుకుంటే ఆయన ఆసుపత్రి వరండాలో మొదలుపెట్టడం అన్నిటికన్నా మేలు. ఆయన పంపినవాళ్ళకే చేస్తే పిల్లలకు భద్రత, మీకు మంచి పేరు.

చైనాలో బి ఫెయ్‌యూ అనే రచయిత నాన్‌జింగ్‌లోని చూపులేని మర్దనకారుల మీద నవల రాసి, అక్కడి పెద్ద బహుమతి మావ్ దున్ పురస్కారం అందుకున్నాడు. 2014లో సినిమా కూడా వచ్చింది. వీలైతే చూడు. అందులో మనుషులు జాలిగా ఉండరు, అసూయపడతారు, ప్రేమిస్తారు, డబ్బు దగ్గర గీచిగీచి బేరమాడతారు. మన సినిమాల్లో చూపులేని పాత్ర కనబడగానే వయొలిన్ మోగుతుంది, ఇందులో అదృష్టవశాత్తూ మోగదు.

నా లెక్క ఇది. నలుగురైదుగురితో మొదలుపెట్టు, ఆరేడు నెలలు పట్టనీ. శిక్షకుల ఖర్చులో కొంత నేను చూసుకుంటాను, ఇక్కడి మా తెలుగువాళ్ళను కూడా అడుగుతాను. ఆ శిక్షకుల్లో ఒకరైనా చూపులేనివారై ఉండాలి, ఆ ఒక్కటి పట్టుబడతాను. కంప్యూటర్ క్లాసు ఆపి దీన్ని పెట్టొద్దు, దాని పక్కన పెట్టు.

నీ ఉత్తరం నాలుగు పేజీలుంది. దాతలేమన్నారు, కమిటీ ఏమంది, కలెక్టరాఫీసులో ఏమన్నారు అన్నీ ఉన్నాయి. పిల్లలు ఏమన్నారో ఒక్క ముక్క లేదు. వాళ్ళను విడివిడిగా కూర్చోబెట్టి అడుగు. కాదన్నవాళ్ళ పేర్లు కూడా దాచకుండా రాయి. ఆ జవాబు చూశాకే నేను ఇక్కడ ఎవరినైనా కదిలిస్తాను.

నీ
బావ